నడక దారికి చద్దిమూట
నిప్పు అక్కరలేని, పాడి కలవని శాకాహారము

మన పెద్దలు కాలినడకన దూరప్రయాణము చేయునపుడు చద్దిమూట లేనిదే గడప దాటెడివారు కారు. పెద్దల మాటను చద్దిమూటతో పోల్చుటకు కారణము కూడ ఇదియే. ఆకలివేళ అక్కరకు వచ్చునదేదో వారికి బాగుగా తెలియును. బస్సులు, రైళ్లు వచ్చి దారి పొడవున హోటళ్లు వెలసిన పిమ్మట ఈ మూట సంగతిని చాలమంది మరచిపోయిరి. అయినను కాలినడక తప్ప వేరు గతిలేని దారులు నేటికిని కొన్ని కలవు. అచట అంగడి ఉండదు. పొయ్యి వెలిగించుటకు వీలుండదు. వీపున మోసికొని పోయినదే ఆహారము. అట్టి దారికి ఏమి కట్టుకొని పోవలెను, ఎంత కట్టుకొనవలెను, ఎట్లు కట్టుకొనవలెను అను విషయము రైతు కుటుంబములు తెలిసికొనదగినది. ఏలననగా ఈ మూటకు కావలసిన సరుకంతయు మన మెట్ట చేలలోనే పండుచున్నది.

ఉదాహరణకు నల్లమల దారిని తీసికొందము. నంద్యాల జిల్లా ఆత్మకూరు సమీపమున గల వెంకటాపురము నుండి నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాస ద్వారము మీదుగా శ్రీశైలము చేరు కాలిబాట చాల ప్రాచీనమైనది. శ్రీశైలమునకు మెట్లు కట్టించిన వారిలో 14వ శతాబ్దమునాటి ప్రోలయ వేమారెడ్డి ప్రసిద్ధుడు. మహాశివరాత్రికి మన జిల్లాలవారు, ఉగాదికి కన్నడ దేశపు భక్తులు వేలకొలదిగా ఈ దారిన నడిచి వత్తురు. ఇది అటునిటుగా 40 కిలోమీటర్ల నడక. సాధారణముగా రెండు దినములు పట్టును. తెలంగాణములో నాగర్‌కర్నూలు జిల్లా సలేశ్వరమునకు చైత్ర పౌర్ణమికి పోవువారు కూడ ఇట్టి అడవి దారినే నడువవలెను. వీరు గాక వీపుసంచి తగిలించుకొని కొండలెక్కు యువతీయువకులు ఇటీవల ఎక్కువైనారు. వారిలో మాంసము ముట్టనివారు కలరు. పాలు, పెరుగు, నెయ్యి కూడ మానివేసి వీగన్లని చెప్పుకొనువారును కలరు. వీరందరికిని పనికివచ్చు మూట ఒక్కటే.

నిప్పు ఎందుకు పనికిరాదు?

శివరాత్రి మాఘ మాసము చివర వచ్చును. ఉగాది నాటికి ఎండలు ముదురును. ఈ రెండు మాసములలో నల్లమల చెట్లు ఆకు రాల్చి ఉండును. నేలపై ఎండుటాకులు, ఎండిన బోదగడ్డి పరచుకొని ఉండును. మూడు రాళ్లు పెట్టి అన్నము వండుకొని, నిప్పు పూర్తిగా ఆరినదో లేదో చూడక లేచిపోయిన యెడల, గాలికి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ కొండవాలు నంతటిని కాల్చివేయగలదు. మన దేశమున అడవిమంటలు చాలవరకు మనుష్యుల అజాగ్రత్త వలననే పుట్టుచున్నవి. మంట వలన మొలకలు, పక్షిగూళ్లు, పశువుల మేత నశించును. అడవిని నమ్ముకొని బ్రతుకు చెంచు కుటుంబముల జీవనోపాధికి దెబ్బ తగులును. తరువాతి వానలకు కప్పులేని నేల కోసికొనిపోయి చెరువులు, కుంటలు పూడిపోవును.

ఈ అడవి పులుల సంరక్షణ ప్రదేశము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము అభయారణ్యమునకు ప్రమాదము కలుగునట్లు నిప్పు రాజేయుట నేరము. కనుక మూటలోని ఆహారము వండనక్కరలేనిదై, వేడిచేయ నక్కరలేనిదై ఉండవలెను. ఇది మొదటి నియమము. పండుగ దినములలో దాతలు అన్నదాన శిబిరములు పెట్టుదురు, నిజమే. అయితే జనసమ్మర్దమునుబట్టి అన్నము ఏ వేళకు దొరకునో చెప్పలేము. శిబిరమునకు శిబిరమునకు నడుమ దూరమును ఎక్కువ. మన మూట మనకు ఉండవలసినదే.

మూటలో నీటిని మోయవద్దు

రెండవ నియమము ఇంకను ముఖ్యమైనది. వండిన అన్నములో మూడింట రెండు వంతులు నీరే. కిలో అన్నము మోసినవాడు నిజముగా మోసినది మూడవవంతు బియ్యము, తక్కినది నీరు. ఆ నీరు బరువు మాత్రమే గాక చేటు కూడ. ఆహారమును చెడగొట్టు సూక్ష్మజీవులకు, బూజునకు తేమయే జీవము. ధాన్యమును ఎండబెట్టి గాదెలో పోయుటలోని కీలకము రైతునకు చెప్పనక్కరలేదు. చద్దిమూటకును ఆ సూత్రమే వర్తించును. తేమ తీసిన ఆహారము తేలికగా ఉండును, చెడకుండ నిలుచును. ఈ ఒక్క మాట గుర్తుంచుకొనిన యెడల ఏది కట్టవలెనో, ఏది మానవలెనో ఎవరికి వారే నిర్ణయించుకొనవచ్చును.

పాలు, పెరుగు కలిసిన పదార్థములను మానుటకు కూడ ఇదియే కారణము. పెరుగన్నము, కోవా, పాలతో చేసిన మిఠాయి మార్చినెల ఎండలో సాయంత్రమునకే పులిసిపోవును. నెయ్యి చెడకున్నను కరిగి మూటంతయు తడిసి జిడ్డగును. నెయ్యికి బదులు నువ్వులు, వేరుశనగ, ఎండుకొబ్బరి వేసికొనిన యెడల కావలసిన కొవ్వు గింజలోనే దాగి వచ్చును, కారిపోదు.

ఒక మనిషికి ఒక దినమునకు ఎంత?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన లెక్కల ప్రకారము మధ్యరకము శ్రమచేయు పురుషునకు దినమునకు 2,710 కేలరీలు, స్త్రీకి 2,130 కేలరీలు కావలెను. కఠినశ్రమ చేయువారికి ఇవి క్రమముగా 3,470, 2,720. కొండదారిన మూటతో నడచుట మధ్యరకమునకు పైబడిన శ్రమయే. అయినను రెండు మూడు దినముల ప్రయాణములో కొంత లోటును శరీరములోని నిల్వ కొవ్వు తీర్చును. కనుక పెద్దవానికి దినమునకు 2,800 కేలరీలు లెక్క పెట్టుకొనిన చాలును. ఈ కింది పట్టికలోని సరుకు దానికి సరిపోవును.

ఎండు జొన్నరొట్టెలు లేక అటుకులు: 200 గ్రాములు
పేలపిండి: 150 గ్రాములు
వేరుశనగ, నువ్వు, బెల్లము ఉండలు: 150 గ్రాములు
పుట్నాలు: 75 గ్రాములు
వేరుశనగ లేక అవిసె కారపు పొడి: 50 గ్రాములు
ఖర్జూరము లేక ఎండుద్రాక్ష: 50 గ్రాములు
ఎండుకొబ్బరి: 30 గ్రాములు

మొత్తము 705 గ్రాములు. ఇంతే బలమును అన్నముగా మోయవలెనన్న 2 కిలోలకు పైగా అగును. మూడు దినములకు ఎండు మూట 2 కిలోల పైచిలుకు. అన్నమైన 6 కిలోలు దాటును, పైగా రెండవనాటికే పారవేయవలసివచ్చును. ఎక్కువ బరువు మోయువారు, దృఢకాయులు దినమునకు మరి 100 గ్రాముల ఉండలు చేర్చుకొనవలెను. స్త్రీలకు, వృద్ధులకు పట్టికలోని దానిలో నాలుగింట మూడు వంతులు చాలును. రెండు దినముల నడకకు మూడు దినముల తిండి కట్టుట మంచిది. కాలు బెణికి ఒక పూట ఆగవలసివచ్చిన వానికి ఆ మూడవనాటి తిండియే రక్ష.

ఎండు జొన్నరొట్టెలు

ఉత్తర కర్ణాటకపు పల్లెలలో ఖడక్ రొట్టె అను ఎండు జొన్నరొట్టె వాడుక ఎక్కువ. మన రాయలసీమ, తెలంగాణము ఇల్లాండ్రకు జొన్నరొట్టె తట్టుట కొత్త కాదు గనుక ఇది సులభముగా పట్టుబడును. పిండిని మరుగు నీళ్లతో తడిపి, మామూలు రొట్టె కంటె పలుచగా తట్టవలెను. పెనముపై రెండువైపుల కాల్చిన పిమ్మట మంట తగ్గించి, బట్టతో అదుముచు, తేమ పూర్తిగా పోవువరకు మరల కాల్చవలెను. తరువాత గాలి తగులునట్లు విడివిడిగా నిలిపి చల్లార్చవలెను. విరచినపుడు అప్పడము వలె ఫెళ్లున విరిగిన యెడల తయారైనట్లే. వంగిన యెడల లోన తేమ ఉన్నట్లు. ఇట్లు చేసిన రొట్టె కొన్ని వారములు నిలుచును. తినునపుడు నీళ్లు చిలకరించుకొని కారపు పొడితో తినవచ్చును. పండ్లు లేనివారు ముందుగా ముక్కలుచేసి నీటిలో నానవేసికొనవలెను.

సజ్జరొట్టె ఇష్టపడువారికి ఒక హెచ్చరిక. సజ్జపిండిలోని కొవ్వు పిండి పట్టిన కొద్ది దినములకే చెడి చేదెక్కును. గింజలను ముందు దోరగా వేయించి, చల్లార్చి, ప్రయాణమునకు రెండు మూడు దినముల ముందు మాత్రమే పిండి పట్టించిన యెడల ఈ చేదు చాలవరకు తప్పును.

పేలపిండి

తొలి ఏకాదశినాడు మనము తిను పేలపిండి ప్రయాణమునకు ఇంకను తగినది. జొన్నలపై కొద్దిగా నీళ్లు చల్లి, కొంతసేపు గుడ్డలో మూటకట్టి ఉంచి, కాగిన ఇసుకలో పేలాలు వేయించవలెను. ఇసుకను, పేలని గింజలను జల్లించి తీసివేసి విసరవలెను. దీనికి పావువంతు పుట్నాల పిండి కలిపిన యెడల మాంసకృత్తులు పెరుగును. బెల్లమును ఇంటివద్ద కలుపరాదు. బెల్లము గాలిలోని తేమను పీల్చుకొని పిండిని ముద్దగట్టించును. పిండి ఒక సంచిలో, బెల్లము మరొక సంచిలో పెట్టుకొని తినునపుడే కలుపుకొనవలెను. మంచినీటితో తడిపి ముద్దచేసికొని తినవచ్చును. పలుచగా కలిపి త్రాగవచ్చును. బీహారులో శనగల సత్తు ఈ తీరుననే శ్రమజీవుల ఆహారమై ఉన్నది. వేయించి విసరిన పిండి గనుక పొయ్యితో పనిలేదు.

వేరుశనగ, నువ్వు ఉండలు

వేరుశనగపప్పు 500 గ్రాములు, నువ్వులు 250 గ్రాములు, గట్టి పొడిబెల్లము 400 గ్రాములు తీసికొనవలెను. వేరుశనగలు దోరగా వేయించి పొట్టు ఊదివేయవలెను. నువ్వులు చిటపటలాడువరకు వేయించవలెను. రెండును పూర్తిగా చల్లారిన పిమ్మట రోట దంచి, నలిగినవెనుక బెల్లము చేర్చి మరల దంచవలెను. గింజలోని నూనెయే ముద్ద కట్టుటకు చాలును. నీరు గాని, పాలు గాని ఒక్క చుక్కయు చేర్చరాదు. 25 గ్రాముల ఉండలు సుమారు 45 వచ్చును. మనిషికి దినమునకు ఆరు ఉండల చొప్పున ఇద్దరికి మూడు దినములకు సరిపోయి కొన్ని మిగులును. ఏటవాలు ఎక్కుటకు ముందు ఒక ఉండ, ఎక్కిన పిమ్మట ఒక ఉండ తినుట ఒకేసారి కడుపునిండ తినుటకంటె మేలు.

కారపు పొడులు, ఊరగాయ

వేరుశనగ, నువ్వు, అవిసె, కరివేపాకు పొడులలో ఏదైనను సరే. కరివేపాకును నీడన గలగలలాడునట్లు ఎండబెట్టి వేయించవలెను. చింతపండు వేసినయెడల దానినికూడ పెనముపై తడి ఆర్చవలెను. పిడికిట పట్టి వదలిన పొడి ముద్దకాక రాలిపోవలెను. నూనెగింజల పొడులు నలిగిన తరువాత గాలి సోకి మురుగువాసన పట్టును. కనుక ప్రయాణపు వారములోనే కొట్టుకొనవలెను. ఊరగాయ కావలెనన్న చిన్న బిగిమూత డబ్బాలో కొద్దిగా మాత్రము పెట్టుకొనవచ్చును. ఉప్పుకారములు ఎక్కువైన దాహము ఎక్కువగును. నీళ్లు దొరకని దారిలో అది చిక్కు.

గింజ ఏరుటలో జాగ్రత్త

వేరుశనగలో మరి ఏ గింజలోను లేనంత జాగ్రత్త కావలెను. తేమతో నిలువచేసిన కాయలకు పట్టు పచ్చబూజు అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. ఇది కాలేయమునకు హానిచేయును. వేయించినంతమాత్రమున ఈ విషము పూర్తిగా పోదు. ముడుతలుపడినవి, రంగు మారినవి, బూజుపట్టినవి, పురుగు తొలిచినవి, చేదుగానున్నవి చేతితో ఏరి పారవేయవలెను. అట్టి గింజలను పశువులకు కూడ పెట్టరాదు. ఆ విషము పాలలోనికి దిగును. కాయలను పీకిన వెంటనే బాగుగా ఆరబెట్టి, ఊపినపుడు గింజ గలగలలాడిన తరువాతనే నిలువచేయుట దీనికి మూలమైన నివారణ. మంచి చద్దిమూటకు పని కళ్లమునందే మొదలగునని దీనివలన తెలియుచున్నది.

మొదటి పూటకు అన్నము

బయలుదేరిన నాటి మధ్యాహ్నమునకు అన్నము ఉండవలెనని చాలమంది కోరుదురు. అందుకు పులిహోర తగినది. చింతపండు పులుపు, నూనె, పసుపు, ఉప్పు కలియుటచే సాదా అన్నముకంటె ఇది కొంత నిలుచును. అయితే దానికిని హద్దు కలదు. బియ్యములో బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి యొక్క బీజములుండును. ఉడికించినను అవి చావవు. అన్నము గోరువెచ్చగా చాలసేపున్న యెడల అవి మొలకెత్తి విషమును విడుచును. తరువాత మరల వేడిచేసినను ఆ విషము పోదు. వాంతులు, విరేచనములు పట్టుకొనును. అడవి నడుమ వైద్యుడు లేని చోట ఇది ప్రాణమునకే ముప్పు తేగలదు.

కనుక తెల్లవారుజామున వండి, వెడల్పు పళ్లెములో పలుచగా పరచి త్వరగా ఆర్చి, పూర్తిగా చల్లారిన పిమ్మటనే మూటకట్టవలెను. వేడి అన్నముపై మూతపెట్టిన యెడల ఆవిరి నీరై కారి అన్నమును చెడగొట్టును. కట్టిన దానిని మధ్యాహ్నమునకే తినివేయవలెను. రాత్రికి దాచరాదు. వాసన బాగున్నంతమాత్రమున అన్నము మంచిదని నమ్మరాదు. పెరుగన్నము, కొబ్బరిపచ్చడి, ఉడికించిన దుంపకూర, ముద్దపప్పు, కోసిన పండ్లు ఈ మూటలో చేర్చరాదు. నిమ్మకాయలు, ఉసిరికాయలు కోయకుండ తీసికొనిపోవచ్చును.

పాడి లేకున్న బలము చాలునా?

ఈ సందేహము సహజము. జొన్న, అటుకులు మొదలగు ధాన్యములలోని మాంసకృత్తులకు లైసిన్ అను అంశము తక్కువ. శనగ మొదలగు పప్పులలో అది ఎక్కువ. పప్పులలో కొదువగు మెథియోనిన్ నువ్వులలో సమృద్ధి. కనుక పేలపిండి, పుట్నాలు, నువ్వుండలు ఒకే దినమున తినినవానికి ఒకదాని లోటును మరొకటి తీర్చును. నువ్వులలో సున్నపు ధాతువు కూడ విశేషముగా కలదు. రెండు మూడు దినములకే గాక వారము దినములకైనను ఈ తిండి చాలును. పాడిని సంవత్సరముల తరబడి పూర్తిగా మానినవారి సంగతి వేరు. బి12 విటమిన్ మొక్కలనుండి వచ్చు ఆహారములో తగినంత దొరకదు. అట్టివారు వైద్యుని సలహాపై దానిని వేరుగా తీసికొనవలెను.

త్రాగు నీరు

తేమ తీసిన ఆహారము తినువాడు నీరు ఎక్కువ త్రాగవలెను. ఇది మరచిన యెడల తలనొప్పి, మలబద్ధము, నీరసము కలుగును. ప్రతివాడును కనీసము రెండు లీటర్లు పట్టు పాత్ర వెంట ఉంచుకొని, మంచినీరు దొరకిన ప్రతిచోట నింపుకొనవలెను. కుంటనీరు, వాగునీరు ఎంత తేటగా కనిపించినను అట్లే త్రాగరాదు. కాచుటకు నిప్పు లేదు గనుక, నాలుగు మడతల బట్టతో వడకట్టి, క్లోరిన్ బిళ్ల వేసి, పొట్లముపై వ్రాసినంత సేపు ఆగి త్రాగవలెను. పేలపిండి తడుపుటకును ఈ నీటినే వాడవలెను.

చెమటతో ఉప్పు కూడ పోవును. కనుక కారపు పొడిలో ఉప్పు సరిపడ ఉండవలెను. విరేచనములు పట్టుకొనిన యెడల లీటరు మంచినీటిలో ఆరు తలకొట్టిన చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు కరగించి, కొద్దికొద్దిగా త్రాగించుచు వైద్య శిబిరమునకు చేర్చవలెను. ఈ పంచదారను, ఉప్పును ముందే కొలిచి పొట్లము కట్టి పెట్టుకొనుట మేలు.

మూట కట్టు విధము

ఏ దినపు తిండి ఆ దినమునకు వేరువేరుగా మూడు బట్ట సంచులలో కట్టవలెను. మొదటినాడే అంతయు విప్పి చేయిపెట్టిన యెడల తేమ తగిలి తక్కినది చెడును; ఎంత తినినదియు లెక్క తెలియదు. రొట్టెలు చదునైన డబ్బాలోను, పిండి బిగుతు నేత సంచిలోను, ఉండలు స్టీలు డబ్బాలోను పెట్టవలెను. బరువైనవి వీపునకు ఆనునట్లు, త్వరగా కావలసినవి పైన ఉండవలెను. విస్తరికి మోదుగాకు ఉండనే ఉన్నది.

పాలిథిన్ సంచులు, ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్ వస్తువులు అడవిలోనికి తేరాదు. ఉప్పు, తీపి వాసనకు దుప్పులు, కోతులు ఆ సంచులను మ్రింగి చచ్చును. ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు, చెంచాలు మొదలగు వానిని 2022 జూలై 1 నుండి దేశమంతటను నిషేధించిరి. మిగిలిన తిండిని దారిలో చల్లరాదు. ఎలుగుబంట్లు ఆ వాసనకు అలవాటుపడి దారికి చేరిన యెడల వెనుక వచ్చువారికి ప్రమాదము. రాత్రి విడిదిలో మూటను తలకింద పెట్టుకొనక, మూత బిగించి, అందరివి ఒకచోట ఉంచవలెను.

ఎత్తైన కొండలకు పోవువారికి

మన యువకులు కొందరు హిమాలయములకు కూడ పోవుచున్నారు. పొయ్యికి అనుమతి ఉన్న చోట్ల వారు మరియొక సంగతి తెలిసికొనవలెను. ఎత్తుకు పోయినకొలది గాలి ఒత్తిడి తగ్గి నీరు తక్కువ వేడికే మరగును. 3,000 మీటర్ల ఎత్తున సుమారు 90 డిగ్రీలకే మరగును. నీరు తెర్లినను కందిపప్పు మెత్తబడదు. ఇంధనము వృథా అగును. అట్టిచోటికి వేయించిన రవ్వ, అటుకులు, పేలపిండి, వేయించి విసరిన పెసరపిండి తగినవి. వేడినీళ్లు పోసి మూతపెట్టిన చాలును.

గ్రామములకు దీనివలన లాభము

నడకదారుల మొగదలనున్న గ్రామములలో పండుగ దినములందు అమ్ముడగునది బిస్కట్లు, చిప్సు పొట్లములు. ఆ డబ్బు ఊరు దాటిపోవుచున్నది. ఖాళీ పొట్లములు అడవిలో మిగులుచున్నవి. అదే ఊరి చేలలోని జొన్న, సజ్జ, నువ్వు, శనగ, వేరుశనగ మాత్రము గింజగా సంతకు తరలుచున్నవి. మహిళా సంఘములు పైన చెప్పిన పట్టిక ప్రకారము ఒక దినపు చద్దిమూటను బట్ట సంచిలో కట్టి అమ్మిన యెడల గింజకు విలువ పెరుగును. యాత్రికునకు మంచి తిండి దొరకును.

అమ్మకమునకు దిగువారు ఆహార భద్రతా చట్టము క్రింద నమోదు చేయించుకొనవలెను. తయారుచేసిన తేదీని ప్రతి మూటపై వ్రాయవలెను. ప్రతి వాయిలో ఒక మూటను అమ్మక దాచి, వారమునకొకసారి విప్పి వాసన, రుచి, కరకర చూచుచుండవలెను. అది ఎన్ని దినములు నిలిచినదో తెలిసిన పిమ్మట, దానికి సగము గడువే మూటపై వ్రాయుట క్షేమము.

గ్రామాధికారులు చేయదగిన పనులు కొన్ని కలవు. అటవీశాఖవారు ఏ దినములలో, ఏ వేళలలో దారి తెరతురో ముందుగా తెలిసికొని ఊరి మొగదల బల్లపై వ్రాయింపవలెను. యాత్రికుల కొరకు నింపు నీటితొట్లలో క్లోరిన్ వేయింపవలెను. తేటనీరు 1,000 లీటర్లకు మంచి బ్లీచింగు పొడి సుమారు 2.5 గ్రాములు చాలును. వేసిన గంట తరువాతనే నీరు ఇయ్యవలెను. నీరు మురికిగానున్న యెడల ఎంత వేయవలెనో ఆరోగ్య సిబ్బందిని అడుగవలెను. వ్యవసాయ సహాయకులు, విస్తరణాధికారులు సంక్రాంతి వెళ్లినది మొదలు సంఘముల స్త్రీలకు గింజ ఏరుట, ఎండబెట్టుట, వేయించుట చేసిచూపిన యెడల శివరాత్రికి సరుకు సిద్ధమగును.

ఈ మూటకు కొత్త యంత్రము అక్కరలేదు, పైదేశపు సరుకు అక్కరలేదు. పెనము, రోలు, ఎండ, కొంచెము ఓపిక ఉన్న చాలును. ఈ సంవత్సరము నడకకు పోదలచినవారు పదునైదు దినముల ముందే ఒక దినపు మూటను కట్టుకొని, పొలమునకు తీసికొనిపోయి, పొయ్యి జోలికి పోక సాయంత్రము వరకు దానిపైననే పనిచేసి చూచుకొనవలెను. ఏది తక్కువైనదో, ఏది దాహము పెంచినదో, ఏది పళ్లకు గట్టియైనదో ఆనాడే తెలియును. దానిని బట్టి సవరించుకొని బయలుదేరిన యెడల దారిలో ఆకలి ఉండదు, అనారోగ్యము ఉండదు, మన వెనుక అడవిలో నిప్పును ఉండదు.